పాత గొట్టానికి కొత్త అతుకు.. ఎర్తు మరిస్తే ముప్పు

మిర్యాలగూడ, గ్రామీణ విలేకరి: తెల్లవారి నల్లా విప్పగానే మొదటి చెంబు నీళ్లు ఎర్రగా వస్తాయి. కాసేపటికి తేటపడతాయి. కొన్నాళ్లకు ధార సన్నబడుతుంది. ఆ తర్వాత స్నానాల గది గోడకు అవతలివైపు అరచేయంత చెమ్మ కనిపిస్తుంది. సున్నం పొరలుగా రాలుతుంది. ముప్పై, నలభై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలో నివసించే వారికి ఈ వరస సుపరిచితమే. గోడలో ఉన్న జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టం, ఆయువు తీరుతోందని దాని అర్థం.

అప్పుడు ఇంటి యజమాని ముందు మూడు దారులుంటాయి. చిల్లు పడినచోట లప్పం పెట్టి ఊరుకోవడం, పాడైన ముక్కను కోసి కొత్త ముక్క వేయించడం, మొత్తం గొట్టాలు మార్పించడం. సాధారణంగా అందరూ మొదటి దారితో మొదలుపెట్టి, రెండు మూడు వేసవులు గడిచాక మూడోదానికి చేరుకుంటారు. మధ్యలో ఉన్న రెండో దారి చవకైనదే కానీ, అందులో కొన్ని మెలకువలు తెలియక నష్టపోతున్నవారు ఎక్కువ. వాటిలో ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది. దాని సంగతి కిందట వివరంగా చెప్పుకుందాం.

తుప్పు మొదలయ్యేది మరల దగ్గరే

ఇనుప గొట్టాన్ని కరిగించిన జింకులో ముంచి తీస్తే దానికి లోపలా, వెలుపలా పూత పడుతుంది. నీటికి, ఇనుముకు మధ్య ఈ పూత అడ్డుగోడ మాత్రమే కాదు. ఎక్కడైనా గీత పడి ఇనుము బయటపడినా, ముందుగా జింకే కరిగిపోయి ఇనుమును కొంతకాలం కాపాడుతుంది. అంటే అది తన్ను తాను ఖర్చు చేసుకునే కాపలాదారు. ఆ ఖర్చు పూర్తయిన నాటి నుంచి తుప్పు మొదలవుతుంది.

అయితే గొట్టం నిడివి అంతటా ఒకేసారి పాడుకాదు. మొదట పాడయ్యేది అతుకుల వద్ద. గొట్టాన్ని ఎల్బోకు, టీకి, సాకెట్‌కు బిగించేందుకు మేస్త్రీ డై తిప్పి మరలు కోస్తాడు. ఆ కోతతో పూత అక్కడ పూర్తిగా పోతుంది. పైగా గోడ మందం కూడా తగ్గుతుంది. అర అంగుళం మధ్యరకం పైపు గోడ మందం 2.6 మిల్లీమీటర్లు. ఆ సైజుకు అంగుళానికి 14 మరలు కోస్తారు. ఒక్కో మర లోతు సుమారు 1.16 మిల్లీమీటర్లు. ఇక మర అడుగున మిగిలేది 1.4 మిల్లీమీటర్లే. పలుచరకం పైపు మందం 2 మిల్లీమీటర్లే కనుక అక్కడ మిగిలేది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. డబ్బు ఆదా అవుతుందని ఇల్లు కట్టేనాడు పలుచరకం వేయించుకున్న వారి ఇళ్లలో ఎల్బోల పక్కనే ముందుగా నీరు కారడానికి కారణం ఇదే.

రకాన్ని గుర్తించడం కష్టం కాదు. ఐఎస్ 1239 ప్రమాణం ప్రకారం పలుచరకానికి పసుపు పట్టీ, మధ్యరకానికి నీలం, మందమైన దానికి ఎరుపు పట్టీ వేస్తారు. దుకాణాల్లో వీటినే ఏ, బీ, సీ క్లాసులంటారు. ఇంటి వాడకానికి నీలం పట్టీకి తగ్గకూడదు. అతుకు వేసే చిన్న ముక్కకు సైతం ఇదే వర్తిస్తుంది. పాత గొట్టం మందంగా ఉండి కొత్త ముక్క పలుచగా ఉంటే, మళ్లీ కారేది కొత్తదే.

వేడినీటి గొట్టాల కథ వేరు. నీటి వేడి సుమారు 60 డిగ్రీలు దాటితే ఇనుమును కాపాడే గుణాన్ని జింకు కోల్పోవచ్చు. గీజరు నుంచి వెళ్లే జీఐ పైపు చన్నీటి పైపుకన్నా ముందే పాడవడానికి ఇదొక కారణం. గీజరులోని రాగి భాగాలను తాకి వచ్చే నీరు కూడా దానికి తోడవుతుంది. నీటిలో కరిగిన కొద్దిపాటి రాగి జింకు పూతపై చేరి అక్కడక్కడ గుంటలు పడేలా చేస్తుంది.

మన జిల్లాలో మరో విశేషం ఉంది. ఏళ్ల తరబడి బోరు నీరు ప్రవహించిన గొట్టాల లోపల తెల్లటి గార పేరుకుని ఉంటుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో చాలా ఊళ్లకు శుద్ధి చేసిన నదీజలం వచ్చింది. నీటి స్వభావం మారినప్పుడు పాత గారా, తుప్పూ వదులై నీటితో కొట్టుకొని రావచ్చు. ఇది మన దగ్గరే జరిగే వింత కాదు. అమెరికాలోని టక్సన్ నగరంలో 1992లో భూగర్భ జలానికి బదులు కొలరాడో నది నీటిని సరఫరా చేయగా, పాత జీఐ పైపులున్న ఇళ్లలో నల్లాల నుంచి తుప్పునీరు వచ్చి ప్రజలు ఆందోళనకు దిగారు. సరఫరా నీరు బాగాలేదని పంచాయతీని నిందించే ముందు, మన గోడలోని గొట్టాన్ని కూడా ఒకసారి అనుమానించడం మంచిది.

లోపం ఎక్కడుందో తేల్చడం ఎలా?

గోడ పగలగొట్టక ముందు రెండు, మూడు పరీక్షలు చేసుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు నల్లాలన్నీ కట్టేసి, మిద్దెపై ట్యాంకులో నీటిమట్టం వద్ద సుద్దతో గీత గీయాలి. ఉదయం ఎవరూ వాడకముందే చూడాలి. మట్టం దిగితే ట్యాంకు నుంచి కిందికి వచ్చే గొట్టాల్లో ఎక్కడో కారుతున్నట్లే. ట్యాంకు వద్ద వాల్వు కట్టేసి మరో రాత్రి ఇలాగే చూస్తే, కారేది ట్యాంకా, గొట్టమా అన్నదీ తేలుతుంది.

ధార సన్నబడితే బకెట్టు పరీక్ష ఉంది. ట్యాంకుకు దగ్గరగా ఉన్న నల్లా కింద 10 లీటర్ల బకెట్టు ఎంతసేపట్లో నిండుతోందో చూసి, దూరంగా ఉన్న నల్లా వద్దా అలాగే చూడాలి. తేడా మరీ ఎక్కువగా ఉంటే నడుమ గొట్టం పూడుకుపోతున్నట్లు. అయితే ముందుగా నల్లా మూతిలోని జల్లెడను విప్పి కడిగి చూడాలి. దానిలో తుప్పు రజను ఇరుక్కున్నా ధార పడిపోతుంది. గొట్టం లోపలి వ్యాసం సగానికి తగ్గితే నీరు సగం వస్తుందనుకుంటారు కానీ అది నిజం కాదు. దారి వైశాల్యమే నాలుగో వంతుకు పడిపోతుంది. లోపలి గరుకుదనం, రాపిడి కలిస్తే వచ్చే నీరు అంతకన్నా తక్కువే.

ఎర్రనీరు మొదటి చెంబుకే పరిమితమైతే తుప్పు ఇంటి గొట్టాలదే. పది నిమిషాలు వదిలినా రంగు మారకపోతే ట్యాంకులోనో, సంపులోనో, వీధి గొట్టంలోనో చూడాలి.

లప్పం ఎన్నాళ్లు నిలుస్తుంది?

గొట్టం మధ్యలో సూదిమొన అంత చిల్లు పడితే, అర్ధరాత్రి వేళ పాత సైకిల్ ట్యూబును పట్టీగా కోసి బిగుతుగా చుట్టి, దానిపై రెండు బోల్టుల క్లాంపు బిగిస్తే సరిపోతుంది. మేస్త్రీ వచ్చేదాకా ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. ఎపాక్సీ లప్పం మాత్రం తడి ఉపరితలంపై పట్టదు. నీళ్లు కట్టేసి, గొట్టం ఖాళీచేసి, తుప్పును గరుకు కాగితంతో గీకి, పూర్తిగా ఆరాక పెడితేనే అది నిలుస్తుంది. నీరు చిమ్ముతుండగానే ముద్ద పెట్టి, అది ఊడిపోయాక లప్పాన్ని తిట్టుకోవడంలో అర్థం లేదు. ఏదైనా ఇది తాత్కాలికమే. ఒక చిల్లు పడిందంటే ఆ చుట్టూ గొట్టం పలచబడినట్లే కనుక పక్కనే మరొకటి సిద్ధంగా ఉంటుంది.

కొందరు వెల్డింగు చేయిస్తారు. జింకు పూతను కాలిస్తే తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చినవారికి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. తలుపులు మూసిన స్నానాల గదిలో ఈ పని చేయించడం మేస్త్రీకి అన్యాయం చేయడమే. పైగా వెల్డింగు చేసినచోట పూత పోయి, కొద్దికాలానికే మళ్లీ తుప్పు పడుతుంది.

నడుమ గొట్టం విప్పాలంటే..

ముక్క మార్చే పనిలో అసలు చిక్కు ఇక్కడుంది. గొట్టం రెండు కొసలకూ మరలు ఒకే దిశలో, కుడివైపు తిరిగేలా ఉంటాయి. నడుమ ఉన్న గొట్టాన్ని ఒక కొస నుంచి విప్పడానికి తిప్పితే, రెండో కొస మరింత బిగుసుకుంటుంది. అందువల్ల నల్లా కొస నుంచి ఒక్కొక్కటిగా విప్పుకుంటూ రావాలి. లేదా గొట్టాన్ని మధ్యలో హాక్సాతో కోయాలి. కోశాక రెండు సగాలూ వేర్వేరుగా తిరుగుతాయి. దేనికది విప్పుకోవచ్చు.

మళ్లీ పెట్టేటప్పుడు ఒకే ముక్క పనికిరాదు. రెండు పొట్టి ముక్కలకు చెరి రెండు కొసలా మరలు కోసి, నడుమ యూనియన్ వేయాలి. యూనియన్‌కు మూడు భాగాలుంటాయి. రెండు భాగాలు చెరో గొట్టానికి బిగుస్తాయి. మూడోదైన పెద్ద నట్టు ఆ రెండింటినీ దగ్గరకు లాగి ముఖాముఖి అదుముతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఆ పెద్ద నట్టు మరలకు టేపు చుట్టడం. నీటిని ఆపేది ఆ నట్టు కాదు, లోపలి రెండు ముఖాలు. వాటి మధ్య ఇసుక రేణువున్నా కారుతుంది. శుభ్రంగా తుడిచి, గొట్టాలు రెండూ ఒకే వరసలో ఉండేలా చూసి బిగించాలి. వంకరగా ఉన్న గొట్టాలను నట్టు బలంతో లాగి కలిపితే ఆ రోజుకు ఆగినా నెలకు కారుతుంది. యూనియన్‌ను గోడలో పూడ్చి సిమెంటు పూయకూడదు. దాని ప్రయోజనమే మళ్లీ విప్పుకోవడం కదా. స్థలం లేనిచోట పొడవు మరలు కోసిన ముక్కకు చెక్ నట్టు పెట్టి కలిపే పాత పద్ధతీ ఉంది. కానీ అక్కడ నార, సఫేదా సరిగా పెట్టగల చేయి కావాలి.

కొలత తీసుకునేటప్పుడు గొట్టం ఎల్బో లోపలికి వెళ్లే నిడివిని కలుపుకోవాలి. అర అంగుళం పైపుకు ఒక్కో కొస దాదాపు అర అంగుళం లోపలికి పోతుంది. ఇది మరచిపోయి కోసిన ముక్కలు ప్రతి హార్డ్‌వేర్ దుకాణం వెనకా గుట్టగా పడి ఉంటాయి. కోసిన అంచున లోపలివైపు మిగిలే పదునైన బొడిపెను గుండ్రటి ఆకురాయితో తప్పనిసరిగా తీయాలి. అలాగే వదిలేస్తే తుప్పు రజను చేరడానికి అదే మొదటి మెట్టు.

మరలకు ఇదివరలో జనపనార చుట్టి సఫేదా పూసేవారు. నార నీటికి ఉబ్బి సందులు మూస్తుంది. పాత మరలకు ఇప్పటికీ దానికి సాటి లేదనే మేస్త్రీలున్నారు, అందులో నిజమూ ఉంది. అయితే సీసం కలిసిన సఫేదాను తాగునీటి గొట్టాలకు వాడరాదు. టెఫ్లాన్ టేపు వాడితే, మరల కొసను మనవైపు పెట్టుకొని గడియారపు ముళ్లు తిరిగే దిశలో చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ముడుచుకొని బయటకు వస్తుంది. మొదటి మరను వదిలి, పలుచని టేపయితే నాలుగైదు చుట్లకు తగ్గకుండా చుట్టాలి. చేత్తో తిరిగినంత తిప్పి, ఆపై రెంచితో ఒకటిన్నర, రెండు చుట్లు బిగిస్తే చాలు. దిశ సరిగా కుదరలేదని కొంచెం వెనక్కి తిప్పితే అతుకు కారడం ఖాయం. అలా జరిగితే విప్పి మళ్లీ మొదటి నుంచి చుట్టాల్సిందే. ఎల్లప్పుడూ రెండు రెంచీలు వాడాలి. ఒకటి తిప్పడానికి, రెండోది పాత గొట్టం కదలకుండా పట్టడానికి. ఒకే రెంచితో బలం పెడితే గోడలో ఎక్కడో నాలుగడుగుల అవతల, కనిపించని ఎల్బో వద్ద బలహీనమైన మర తెగుతుంది. బాగుచేయబోయి మరో చెమ్మ తెచ్చుకోవడమంటే ఇదే.

బయటికి కనిపించే మరలకు జింకు పెయింటు పూయాలి. నేలలో, ముఖ్యంగా చౌడు నేలలో పూడ్చే గొట్టానికి తారు పూసి గోనెపట్టా చుట్టే పాత అలవాటును వదులుకోకూడదు.

ప్లాస్టిక్‌తో కలిపేటప్పుడు

ఇప్పుడు మరలు కోసే మేస్త్రీలు తగ్గిపోయారు. పాడైన ముక్కను కోసి, నడుమ సీపీవీసీ గొట్టం అతికించి వెళ్లడం సాధారణమైంది. పని తప్పేమీ కాదు. కానీ ఇనుప మరలను ప్లాస్టిక్ మరలలోకి బిగిస్తే, కొద్ది రోజులకే ప్లాస్టిక్ చీలుతుంది. లోపల ఇత్తడి మరలున్న అడాప్టర్‌నే వాడాలి. ముందుగా ఇత్తడి భాగాన్ని ఇనుప గొట్టానికి బిగించాక, ఆ తర్వాతే ప్లాస్టిక్ గొట్టానికి జిగురు పూసి కలపాలి. జిగురు ఆరేందుకు డబ్బాపై రాసిన సమయం ఇవ్వాలి. నీళ్ల కోసం తొందరపడి అరగంటలో వాల్వు విప్పితే శ్రమంతా వృథా. ఎండ తగిలేచోట ప్లాస్టిక్ గొట్టానికి రంగు వేయాలి. ఇనుప గొట్టం బరువును ప్లాస్టిక్‌పై వేలాడనీయకుండా అటూ ఇటూ క్లాంపులు కొట్టాలి.

గొట్టంలో దాగిన ఎర్తు

ఇక ప్రాణం మీదికి వచ్చే సంగతి. పాత ఇళ్లలో చాలాచోట్ల కరెంటు ఎర్తు తీగను విడిగా గుంత తవ్వి పెట్టకుండా నీటి గొట్టానికే చుట్టేవారు. గొట్టం నేలలోకి వెళ్తుంది కాబట్టి, గీజరులోనో మోటారులోనో లీకయిన కరెంటు గొట్టం గుండా భూమిలోకి పోయేది. నలభై ఏళ్లు ఎవరికీ ఏమీ కాకపోతే ఆ తీగ ఉందన్న సంగతే ఇంట్లోవారికి గుర్తుండదు.

ఈ విలేకరి ఇంట్లోనే ఇలాంటిది జరిగింది. వంటగది వెనక గోడలో కారుతున్న జీఐ పైపును రెండడుగుల మేర కోసి సీపీవీసీ ముక్క వేయించాం. చెమ్మ ఆరింది, ధార పెరిగింది, సంతోషించాం. మూడో రోజు ఉదయం గీజరు వేసి ఉండగా వంటగదిలో అమ్మ తడికాళ్లతో నల్లా పట్టుకోగానే చేయి జివ్వుమంది. చెయ్యి తిమ్మిరెక్కిందేమో అనుకుంది. మరోసారి పట్టుకుంటే మళ్లీ అదే. టెస్టరు పెట్టి చూస్తే నల్లాలో దీపం వెలిగింది. కరెంటు పనివారు వచ్చి వెతికితే, స్నానాల గది గోడలో ఎర్తు తీగ ఆ గొట్టానికే క్లాంపు చేసి ఉంది. గీజరు కాయిల్ ఎన్నాళ్లుగా లీకవుతోందో తెలియదు. ఇన్నాళ్లూ ఆ కరెంటు ఇనుప గొట్టం వెంట భూమిలోకి పోయింది. నడుమ ప్లాస్టిక్ అడ్డుపడ్డాక ఇంట్లో మిగిలిన గొట్టమంతా, దానికున్న నల్లాలన్నీ కరెంటు తీగలయ్యాయి. కాయిల్ ఇంకాస్త పాడై ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి ఇప్పటికీ మనసొప్పదు.

అందువల్ల జీఐ పైపు కోయించే ముందు మెయిన్ స్విచ్ కట్టేయాలి. ఇది ఇంటివారికే కాదు, కోసే మేస్త్రీకీ అవసరం. గొట్టంలో లీకు కరెంటు ప్రవహిస్తున్న వేళ తెగిన రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకుంటే ఆ ప్రవాహానికి అతనే దారి అవుతాడు. మీటరు బోర్డు నుంచి వెళ్లే ఎర్తు తీగ ఎక్కడ ముగుస్తుందో ముందే వెతికించుకోవాలి. నీటి గొట్టానికి ఉంటే, ప్లాస్టిక్ ముక్క వేయడానికి ముందే ఎలక్ట్రీషియన్‌తో విడిగా ఎర్తు గుంత తీయించి తీగను అక్కడికి మార్పించాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బోర్డులో పెట్టిస్తే, లీకు జరిగిన క్షణాల్లో కరెంటు దానంతటదే ఆగిపోతుంది. పైపుల పనివారు కరెంటు జోలికి, కరెంటు పనివారు పైపుల జోలికి వెళ్లరు. ఈ రెండింటినీ కలిపి చూసుకోవాల్సింది ఇంటి యజమానే.

మురుగు కాల్వ దాటే గొట్టం

వీధి గొట్టం నుంచి ఇంట్లోకి వచ్చే పైపు చాలా ఊళ్లలో పక్క కాల్వ గుండా వస్తుంది. నిత్యం మురుగులో నానుతూ ఉండేది కాబట్టి ఇంటి గొట్టాలన్నింటిలో ముందు పాడయ్యేదీ అదే. నీళ్లు వదిలే గంటసేపూ చిల్లు నుంచి బయటకు కారుతుంది. సరఫరా ఆగి గొట్టం ఖాళీ అవుతున్నప్పుడు అదే చిల్లు మురుగును లోపలికి పీలుస్తుంది. కొందరు వీధి గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగుతారు, అప్పుడు ఈ పీల్పు మరింత ఎక్కువ. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు ఒక వీధిలో నాలుగైదు ఇళ్లకే పరిమితమై వచ్చినప్పుడు సిబ్బంది మొదట వెతికేది ఇలాంటి చిల్లులనే.

ఇంటి నల్లా నీటిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. పంచాయతీ వద్ద ఉండే క్లోరోస్కోప్‌లో రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు చూసి చెప్పేస్తారు. పొరుగింట పసుపు తేలి మన ఇంట తేలకపోతే, తేడా మన గొట్టంలోనే ఉందని అనుమానించాలి. ఇక్కడ లప్పం, క్లాంపు వంటివి వద్దు. ఆ ముక్క మొత్తం మార్చి, కాల్వలోంచి కాకుండా అడుగు నుంచి, మరో పెద్ద గొట్టంలో దూర్చి తీసుకురావాలి.

మొత్తం మార్చాలా?

ఏడాదిలో రెండోసారి వేరేచోట కారితే, మేస్త్రీ రెంచి వేసిన ప్రతిచోటా మరలు రజనులా రాలిపోతుంటే, కోసిన ముక్కను వెలుతురుకు పెట్టి చూసినప్పుడు దారి పెన్సిలంత మాత్రమే కనిపిస్తే ఇక అతుకుల మీద డబ్బు పోయడం దండగ. కోసిన ముక్కను పారేయకుండా చూడమనడం ఇందుకే. గోడలోని మిగతా గొట్టం ఎలా ఉందో అది చెబుతుంది. గోడంతా పగలగొట్టనక్కర్లేదు. పాత గొట్టాలను గోడలోనే వదిలి కొసలకు ప్లగ్గులు బిగించి, కొత్తవాటిని గోడపైనే క్లాంపులతో తీసుకెళ్లవచ్చు. చూడటానికి అంత ముచ్చటగా ఉండదు కానీ, కారితే కనిపిస్తుంది.

ఏ పని చేయించినా సిమెంటు పూసే తొందర వద్దు. నల్లాల మూతి జల్లెడలు విప్పి, వదులైన తుప్పంతా పోయేదాకా నీళ్లు వదలాలి. ఆ తర్వాత నల్లాలు కట్టి, ట్యాంకు నిండుగా ఉంచి, ఒక రోజంతా అతుకులకు పొడి కాగితం చుట్టి ఉంచాలి. మర్నాటికి కాగితం తడవకపోతే మేస్త్రీని పిలిచి గోడ మూయించవచ్చు.